మిట్ట చుట్టూ నలభై అడుగులు

“మళ్ళీ మొదట్నుంచీ చెప్పవ్వా. ఎన్ని గంటలకి చూశావు వాణ్ణి?”

“ఇందాకే ఆ సువా ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. ఇప్పుడు నీకు. మధ్యాహ్నం పెద్దలకీ చెప్పాలేమో. ఇంతకంటే నేనే దొంగతనం చేసుంటే సుఖంగా ఉండేది.” లవేనియా అవ్వ కొబ్బరి తురమడం మాత్రం ఆపలేదు. “ఆరుకి పది నిమిషాలు తక్కువ. రేడియోలో ప్రార్థన ఇంకా మొదలవలేదు.”

సార్జెంట్ వసీతీ పుస్తకంలో రాసుకుంది. సముద్రం నీళ్ళు పూర్తిగా తీసింది 5.20కి. పగడాల దిబ్బ నుంచి ఊరి అంచుకి పావుగంట నడక. కోయడానికీ మూట కట్టడానికీ మరో పావుగంట. లెక్క సరిపోయింది.

“మనిషి?”

“దూరం కదే. మగాడు. నెత్తిన రిసార్టు టోపీ. భుజాన బరువు సంచి. సంచి కారుతోంది.”

“ఇంకేం కావాలి మరదలా?” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఇనోకే. “ఊళ్ళో టోపీ పెట్టుకుని తిరిగేవాడు ఊరివాడవుతాడా? మీ ఊళ్ళో ఆ హక్కు పెద్దాయన ఒక్కడికే. వీడు పరదేశి. పదకొండింటికి నా పడవ కదులుతుంది. రిసార్టులో దిగిన ఆ డైవరు హెండ్రిక్‌కి బేడీలు వేసి రేవులో కూర్చోబెట్టాను, వాడు నాతో వస్తాడు.”

ఇనోకేది వేరే జిల్లా. ఆ రెండు జిల్లాల వాళ్ళకీ తాతల నాటి నుంచి బావామరదళ్ళ వరస. ఎంత పెద్ద హోదాలో ఉన్నా వేళాకోళం ఆడుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అందుకే వసీతీ తన పైఅధికారికి తల కూడా తిప్పకుండా జవాబిచ్చింది.

“బావా, నీ పడవకి తొందర. నాకు లేదు. గుమ్మంలో నిలబడితే వెలుతురు రావట్లేదు. లోపలికొచ్చి కూర్చో, లేదా బయటికి పో.”

అవ్వ కిసుక్కుమంది. ఇనోకే కూర్చోనూ లేదు, పోనూ లేదు.

జరిగింది చిన్న దొంగతనమే అని రాజధాని సువాలో ఉన్నవాళ్ళకి అనిపించవచ్చు. నవోలా ఊరి ముందున్న పగడాల దిబ్బలో ఎవరో తెల్లారుజామున ఆరు రాకాసి ఆల్చిప్పలను కోసి మాంసం పట్టుకుపోయారు. కానీ ఆ దిబ్బలో పన్నెండేళ్ళుగా ఎవరూ వల వేయలేదు. నవోలా ఆడవాళ్ళు చేతులారా తాటాకు గదులు పన్నెండు కట్టి వైసేరే రిసార్టు తెరిచిన రోజున, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ పెద్దలూ కూర్చుని ఆ దిబ్బను మూసేశారు. ముందు మేం ముట్టం, ఆ తర్వాతే మిమ్మల్ని ముట్టద్దంటాం అని నవోలా మాటిచ్చింది. ఆ మాట మీదే చేపలు తిరిగొచ్చాయి, చేపల కోసం అతిథులు వచ్చారు, ఆ వచ్చిన దానితో నాలుగు ఊళ్ళకీ బడి, నర్సు, మంచినీళ్ళు అమిరాయి. ఈ మధ్యాహ్నం నాలుగు ఊళ్ళ పెద్దలూ మళ్ళీ కూర్చుంటున్నారు. కోసింది పరదేశి అయితే మాట నిలుస్తుంది. నవోలా వాడే అయితే మాట పోయినట్టే. రేపు పొద్దునకి ఆ నీళ్ళలో మూడు ఊళ్ళ వలలుంటాయి.

వసీతీ తల్లిది నవోలా. అంటే ఇది ఆమెకి మేనమామల ఊరు. పరదేశే అయితే బాగుండునని ఆమె కూడా పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాగ్గా ఉంది.

“అవ్వా, వాడు ఊరి అంచున సీమపనస చెట్టు దగ్గరికొచ్చాడు. అప్పుడేం చేశాడు?”

“ఏం చేస్తాడు? వచ్చాడు.”

“వచ్చి?”

“నీకేమైనా పిచ్చా? అందరూ చేసేదే చేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. సంచి భుజం మీంచి దించి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత కర్రపెండలం చేను అడ్డమొచ్చింది, నాకు కనబడలేదు.”

వసీతీ పెన్ను ఆగిపోయింది. ఇనోకే గుమ్మం వదిలి లోపలికి రెండడుగులు వేశాడు.

“ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు.

“నువ్వు అడగలేదు నాయనా. ఊళ్ళోకి వచ్చేటప్పుడు టోపీ తీశాడని కూడా చెప్పాలా? వాడు ఊపిరి పీల్చాడని చెప్పలేదు కదా.”

బయటికి రాగానే ఇనోకే అందుకున్నాడు. “దానికేముంది? మీ రిసార్టులో దిగిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్తారు. ఊళ్ళో టోపీ వద్దు, భుజాన సంచి వద్దు అని. ఆ హెండ్రిక్ మూడు వారాలుగా ఇక్కడున్నాడు.”

“అతిథులు మనం చూస్తుంటే తీస్తారు బావా. తెల్లారుజామున, చుట్టూ నరమానవుడు లేనప్పుడు, దొంగసొత్తు మోస్తూ కూడా తీశాడంటే అది నేర్చుకున్న మర్యాద కాదు. పుట్టినప్పటి నుంచీ చేతికి అలవాటైంది.”

“కోర్టులో చేతి అలవాటు నిలబడదు. టోపీ హెండ్రిక్‌ది. తడిగా వాడి గది ముందు తాడు మీద దొరికింది.”

“పన్నెండు గదులకి పన్నెండు టోపీలు. అన్నీ ఒకే మొగలి ఆకు, ఒకే అల్లిక. రోజూ సాయంత్రం అందరివీ అదే తాడు మీద ఆరేస్తారు. ఇంకో సంగతి. ఆరుకి పదిహేను నిమిషాల ముందు హెండ్రిక్ రిసార్టు వంటపాకలో మా అత్త తోరికాను వేడినీళ్ళు అడుగుతున్నాడు. అడిగావా ఆమెను?”

“ఆవిడ తన అతిథిని కాపాడుకుంటుంది. అందులో వింతేముంది?”

వసీతీ నవ్వింది. “ఈ పూట తన అతిథిని బలి ఇస్తే తన ఊరు బతుకుతుంది బావా. ఆ సంగతి నీకంటే ఆమెకి బాగా తెలుసు. అయినా నిజమే చెప్పింది.”

సీమపనస చెట్టు కింద వసీతీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఇసుక మీద కారిన తడి ఎప్పుడో ఆరిపోయింది. కానీ ఆల్చిప్ప మాంసం జిగురు ఆరినా చీమలు వదలవు. బారు తీరి ఉన్నాయి, ఎర్రవి, సన్నవి. ఆమె వాటి వెంట వంగి నడిచింది. చేను దాటాక దారి నేరుగా ఊళ్ళోకి పోతుంది. మధ్యలో గడ్డి మొలిచిన ఒక వెడల్పాటి మిట్ట, మోకాలెత్తు కూడా ఉండదు. దాని మీదుగా పోతే పాతిక అడుగుల్లో అవతల పడొచ్చు.

చీమలు మిట్ట ఎక్కలేదు. ఎడమకి తిరిగి, మిట్ట చుట్టూ అర్ధచంద్రంలా పోయి, అవతలి వైపు మళ్ళీ దారిలో కలిశాయి. పక్కనే మెత్తటి మట్టిలో చెప్పుల్లేని పాదాలు. వసీతీ అడుగులు లెక్కపెట్టింది. నలభై.

“చూడు,” అంది.

“ఏం చూడను? చీమల్నా?”

“ఈ మిట్ట ఏమిటి బావా?”

ఇనోకే అటూ ఇటూ చూశాడు. “మిట్ట. గడ్డి.”

“నూరేళ్ళ కింద పెద్దాయన ఇల్లు ఉండేది దీని మీద. ఇల్లు పోయింది, పునాది ఉంది. నవోలాలో పుట్టినవాడు చచ్చినా దీని మీద కాలు పెట్టడు. బోర్డు లేదు, కంచె లేదు. అతిథులకి చెప్పరు కూడా. వాళ్ళని ఈ దారిన తీసుకురారు కదా. నీకెవరైనా చెప్పారా?”

“లేదు.”

“అందుకే నీ బూటు గుర్తులు మిట్ట నడినెత్తిన ఉన్నాయి.”

ఇనోకే కిందికి చూశాడు. పొద్దున అవ్వ ఇంటికి అడ్డదారిన వచ్చిన తన బూట్లే, ఎనిమిది అచ్చులు, వరసగా. ఆయన మెడ వెనక ఎర్రబడింది. ఏ ఊరి వాడైనా అలాంటి చోట బూట్లతో నడిచానని తెలిస్తే సిగ్గుపడతాడు. వెంటనే పోలీసు టోపీ కూడా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ముందే చెప్పొచ్చు కదా మరదలా.”

“నువ్వు అడగలేదు నాయనా,” అంది వసీతీ, అవ్వ గొంతుతో.

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించాడు. “సరే, ఊరివాడే. ఇప్పుడేం చేస్తావు? మధ్యాహ్నం అందరి ముందూ చెప్తావా? పక్కూరు సావుతూ పెద్దాయన, రతూ ఫిలిమోనే, మీ మాట ఎప్పుడు పోతుందా అని కాచుక్కూచున్నాడు. పెద్ద హోటలు కంపెనీతో ఆయనకి మాటలు నడుస్తున్నాయని పడవ నడిపేవాళ్ళకి కూడా తెలుసు. నేను హెండ్రిక్‌ని తీసుకుపోతాను. నెల తిరక్కుండా సాక్ష్యం లేదని వదిలేస్తారు. వాడు ఇంటికి పోతాడు. మీ మామల ఊరు నిలబడుతుంది. ఒక్క చీమలబారు మర్చిపోతే చాలు.”

చెడ్డవాడైతే తేలిగ్గా ఉండేది. ఆయన మంచికే చెప్తున్నాడు. వసీతీ ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది.

“పదకొండుకి ఇంకా నలభై నిమిషాలుంది,” అంది చివరికి. “ఆగు.”

మిట్ట దాటాక చీమలు మాయమయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే ముంగిళ్ళన్నీ ఊడ్చేశారు. ఇనోకే అయితే అక్కడ ఆగిపోయేవాడు. వసీతీకి ఆగాల్సిన అవసరం లేదు. అసలు జవాబు ఆమెకి ఎనిమిదింటికే తెలుసు, దిబ్బ చూసినప్పుడే. ఒప్పుకోలేదు, అంతే.

నీళ్ళలో ఆరు చిప్పలూ ఖాళీగా ఉన్నాయి. కానీ విసిరేసి లేవు. కోసినవాడు ప్రతి చిప్పనూ మూసి, మళ్ళీ దాని చోట దాన్ని నిలబెట్టాడు. పిల్ల ఆల్చిప్పల్లో ఒక్కటి కూడా కదల్లేదు. అన్నిటికంటే ముసలివి ఆరు ఏరి మరీ కోశాడు. అలా ఏరడం ద్వీపంలో ఒక్కడికే వచ్చు. గంధపు ముక్కల్లాంటి పిల్ల ఆల్చిప్పలను పన్నెండేళ్ళ కింద పడవలో తడిగుడ్డ కప్పి తెచ్చి, ఒక్కొక్కటీ చేత్తో నాటినవాడు. దిబ్బ కాపలాదారు. వసీతీ తల్లికి స్వయానా తమ్ముడు, తానియేలా మామ.

ఆయన ఇల్లు ఊరి చివర. తలుపు మూసి ఉంది. నవోలాలో పగలు తలుపు మూయడమే ఒక వాంగ్మూలం.

“వారంటు లేదు,” అన్నాడు వెనకాలే వచ్చిన ఇనోకే. “సువా నుంచి రావాలంటే రెండ్రోజులు.”

“నీకు కావాలి వారంటు. నేను మేనకోడల్ని.”

ఆ మాట చాలు. మేనమామల ఊళ్ళో మేనకోడలు దేని మీద చెయ్యి వేస్తే అది ఆమెది. పందైనా, పడవైనా, మామ కట్టుకున్న బట్టైనా సరే. ఎవరూ ఎందుకని అడగకూడదు. వసీతీ చిన్నప్పుడు ఆ హక్కుతో మామిడికాయలూ బాతుపిల్లలూ పట్టుకుపోయింది. పోలీసు బట్టల్లో వాడడం ఇదే మొదటిసారి. తలుపు తోసి, వంగి లోపలికి వెళ్ళింది.

తానియేలా చాప మీద కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఉప్పునీళ్ళకి చర్మం చెట్టు బెరడులా అయింది. మేనకోడల్ని చూసి నవ్వబోయాడు, రాలేదు.

“తిన్నావా?” అన్నాడు.

“లేదు మామా.”

“చేమదుంపలున్నాయి.”

“తర్వాత తింటాను. టోపీ ఎందుకు పెట్టుకున్నావు మామా? ఆ పిల్లాడి మీదకి తొయ్యాలనా?”

“ఛ. అది వాడిదని కూడా తెలీదు. తాడు మీద చేతికందింది తీసుకున్నాను.” ఆయన నేల చూశాడు. “ఆ ఆల్చిప్పలకి నా మొహం కనబడకూడదనుకున్నాను. రోజూ చూసే మొహం కదా. తీరా మంచి టోపీ పాడవుతుందని మళ్ళీ తెచ్చి తాడు మీదే వేశాను. వాణ్ణి పట్టుకున్నారని తెలిసి రెండుసార్లు రేవు దాకా వెళ్ళాను. రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను. నోరు కట్టేసి ఉంది వసీతీ.”

“ఎవరు కట్టారు?”

ఆయన కళ్ళు ఒక్కసారి మూలనున్న మొగలి బుట్ట వైపు పోయి వచ్చాయి.

వసీతీ లేచి బుట్ట మీద చెయ్యి వేసింది. “మామా, ఇది నేను తీసుకుంటున్నాను.”

తానియేలా ఛాతీ లోపల్నుంచి ఊపిరి వదిలాడు, పొద్దున్నుంచీ బిగబట్టినట్టు. “తీసుకో అమ్మా. నీకు వద్దనడానికి నేనెవర్ని?”

బుట్టలో గుడ్డ చుట్టి ఒక తిమింగలం పన్ను ఉంది. జానెడు పైన, తేనె రంగు, రెండు కొసలకీ కొబ్బరిపీచు తాడు. ఇనోకే అది చూసి గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. దాన్ని చూసి నిలబడి ఉండే మనిషి ఆ దేశంలో లేడు.

ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ పన్ను ముందు పెట్టి ఎవరైనా ఏదైనా అడిగితే, పుచ్చుకున్న చెయ్యి ఆ పని చేసి తీరాలి. తానియేలా వంశం తరతరాలుగా చేపలు పట్టే వంశం. పన్నుతో చేప అడిగితే లేదన్నవాడు ఆ వంశంలో పుట్టలేదు. అడిగినవాడి పేరు చెప్పకూడదని కూడా పన్నుతోనే అడిగి ఉంటారు.

“పుచ్చుకున్నాకే ఏం కావాలో చెప్పారు,” అన్నాడు తానియేలా. “ముసలివి కోశాను. పిల్లల జోలికి పోలేదు. అదొక్కటే నా చేతిలో ఉంది.”

వసీతీకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, వాటి కింద ఎక్కడో గర్వం కూడా వచ్చింది. దొంగతనం చేస్తూ కూడా దిబ్బను కాపలా కాసిన మనిషి ఈయన.

ఇంతలో పెరటి దారిన తోరికా వచ్చింది. రిసార్టు నడిపేది ఆమే. ఊరి తరఫున సభలో మాట్లాడే సేమీకి భార్య, వసీతీకి అత్త వరస. పన్ను చూసింది, తానియేలాను చూసింది. అర్థమైపోయింది.

“అత్తా, ఇన్‌స్పెక్టరు గారు ఒక దారి చెప్తున్నారు,” అంది వసీతీ. “హెండ్రిక్‌ని తీసుకుపోతారట. నెల తర్వాత వదిలేస్తారట. మనూరి మాట నిలుస్తుందట. నువ్వేమంటావు?”

తోరికా ఇనోకే వైపు తిరిగింది. “అయ్యా, మా గదులకి తాళాలు చూశారా?”

“లేవు.”

“పన్నెండేళ్ళుగా లేవు. వచ్చినవాళ్ళు వస్తువులు పరుపు మీద పారేసి పోతారు. ఒక్క గుండుసూది పోలేదు. ఆ కప్పులు నేసింది మేము, చాపలు అల్లింది మేము, సూర్యుడితో దీపం వెలిగించడం నేర్చుకున్నది మేము. వాళ్ళు డబ్బులిచ్చి పడుకునేది ఆ తాటాకు కింద కాదు, మా మాట కింద. మా ఇంట్లో పడుకున్న పిల్లాణ్ణి దొంగని చేసి ఊరిని నిలబెట్టుకుంటే, రేపు ఏ మొహంతో రండి అని పిలుస్తాను?” ఆమె చేత్తో కళ్ళు తుడుచుకుంది. “వాణ్ణి వదలండి. అన్నం కూడా తినలేదు పొద్దున్నుంచీ.”

ఇనోకే చేతిలోని టోపీని చాప మీద పెట్టాడు. తర్వాత జేబులోంచి బేడీల తాళంచెవి తీసి వసీతీకిచ్చాడు.

“పదకొండు పడవ వెళ్ళిపోనీ,” అన్నాడు. “నేను మధ్యాహ్నం సభ చూడాలి.”

పన్నెండు గంటలకి రిసార్టు పెద్ద పాక నిండిపోయింది. నాలుగు ఊళ్ళ పెద్దలూ నాలుగు వైపులా చాపల మీద, మధ్యలో సభలో అందరూ పంచుకు తాగే యంగోనా వేరు కషాయం గిన్నె. వెనక ఆడవాళ్ళు. సేమీ నవోలా వాళ్ళ ముందు వరసలో కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి.

రతూ ఫిలిమోనే గొంతు సవరించుకున్నాడు. “ఎవరో పరదేశి కోశాడని విన్నాను. మమ్మల్ని నమ్మమంటారా?”

“వద్దు రతూ,” అంది వసీతీ. “హెండ్రిక్ వంటపాకలో భోంచేస్తున్నాడు. కోసింది వాడు కాదు.”

ఎవరైనా పేరు అడిగే దాకా తానియేలా ఆగలేదు. లేచి, మధ్యకి మోకాళ్ళ మీద వచ్చి, తల నేలకి ఆన్చాడు. “నేనే. ఈ చేతులే.” నవోలా మగాళ్ళు ఒక్కొక్కరే తల దించి, ఆయన వెనక మోకాళ్ళ మీద చేరారు. ఎవరూ చెప్పలేదు. ఒక్కడు చేసిన తప్పుకి ఊరంతా తల వంచింది. అది చూసి వసీతీ మెడ నిటారుగా నిలిచింది.

ఆమె పన్ను తెచ్చి గిన్నె ముందు పెట్టింది. “ఇది మా మామ నాకివ్వలేదు. నేనే తీసుకున్నాను. ఎవరు పంపారో ఆయన చెప్పలేదు, చెప్పడు కూడా.”

మూడో ఊరి ముసలాయన ఐసాకే ముందుకి వంగాడు. తొంభై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి. తాడు చేతిలోకి తీసుకుని, ముడి మీద వేలు నడిపాడు.

“ఈ ముడి నేను వేసిందే,” అన్నాడు నెమ్మదిగా. “పోయినేడు మా మనవడికి మీ పిల్లనడిగినప్పుడు నీ చేతిలో పెట్టాను ఫిలిమోనే. ఇది నవోలాకి ఎలా వచ్చింది?”

అన్ని తలలూ ఒకే వైపు తిరిగాయి. రతూ ఫిలిమోనే మొహం నల్లబడింది. అంతలోనే గడ్డం పైకెత్తాడు.

“పంపాను. అయితే? పుచ్చుకున్నది మీవాడు. మాట తప్పింది మీరు. మీరేదో గొప్పవాళ్ళని నాలుగు ఊళ్ళూ నెత్తిన పెట్టుకున్నాయి. పంపింది ఒక్కటే అనుకుంటున్నారా? రెండోది కూడా పంపాను. అదెవరి ఇంట్లో ఉందో మీలో మీరే వెతుక్కోండి.”

నవోలా చాపల మీద కలకలం రేగింది. పక్కవాణ్ణి పక్కవాడు చూసుకున్నాడు. ఇనోకే చెయ్యి నడుం దగ్గరికి పోయింది. వసీతీ నోరు తెరవబోయింది.

“వెతకక్కర్లేదు.” ఆడవాళ్ళ వరసలోంచి వచ్చింది ఆ గొంతు, తోరికాది. “ఇది నవోలా. పుచ్చుకున్నవాడు ఇక్కడుంటే వాడే లేస్తాడు. మీరు చూస్తూ ఉండండి రతూ.”

ఆమె తల తిప్పి ఎవరినీ వెతకలేదు. అంత నమ్మకంగా కూర్చుంది.

ముందు వరసలో చాప కిర్రుమంది. లేచింది ఆమె భర్త.

“నా దగ్గరుంది,” అన్నాడు సేమీ. “ఈ పూట సభలో దిబ్బ తెరవడానికి సరేనని నేను నవోలా తరఫున అనాలి. పన్ను పుచ్చుకున్నాను కాబట్టి నోరు తెరిస్తే ఆ మాటే అనాలి. పొద్దున్నుంచీ నోరు తెరవలేదు.”

తోరికా లేచింది. ఆడవాళ్ళ వరస దాటి, మగవాళ్ళ మధ్యనుంచి వంగి నడిచి, భర్త పక్కకొచ్చి నిలబడింది. ఆయన మొహం చూడలేదు. భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

“అయితే కూర్చో,” అంది. “నవోలా మాట నేను చెప్తాను.”